ముప్పై అడుగుల లోపల

మా దీవిలో చెట్లు లేవు.
గాలి ఉండనివ్వదు.
ఉన్నవి తొమ్మిది గుంతలు, నూట నలభై గొర్రెలు,
గొర్రెలు తొక్కకుండా ఒక్కో గ్రీన్ చుట్టూ తీగ కంచె,
డబ్బులు వేయడానికి తలుపుకి కొట్టిన తుప్పు డబ్బా.

ఇరవై రెండేళ్లప్పుడు
నేను కొడితే బంతి సముద్రం అంచు చూసి వచ్చేది.
పడవ దిగినవాళ్లు ఆగి చూసేవాళ్లు.
అబ్బో, అనేవాళ్లు.
ఆ అబ్బో కోసమే కొట్టేవాణ్ణి.

రెండు దెబ్బల్లో గ్రీన్ పక్కకి చేరేవాణ్ణి.
అక్కణ్ణించి నాలుగు.
ఒకటి గడ్డిని తవ్వేది,
ఒకటి గ్రీన్ మీదుగా ఉరికి అవతలి కంచెకి తగిలేది,
మిగిలిన రెండూ గుంతని పలకరించి పక్కకి తప్పుకునేవి.
చేతికందింది నోటికందదు అంటారే,
అదీ నా ఆట.

మురియల్ మెకాస్కిల్ వలలు బాగుచేసేది.
డెబ్బై ఒకటి. కుడి భుజం పైకి లేవదు.
నూట యాభై గజాలు దాటి ఆమె కొట్టగా ఎవరూ చూడలేదు.
అయినా క్లబ్బు గోడ మీద కాగితంలో
నా పేరు ఎప్పుడూ ఆమె పేరు కిందే.

ఒక అక్టోబరు సాయంత్రం సిగ్గు విడిచి అడిగేశాను.
ఆమె నా సంచి తీసుకుని
పద్నాలుగు కర్రల్లో పదమూడింటిని
గొర్రెల మందులుండే గదిలో పెట్టి తాళం వేసింది.
వెడ్జ్ ఒక్కటే మిగిలింది.
"వసంతం దాకా ఇదే."
మరి పట్టర్?
"ముందు గ్రీన్ నిన్ను గుర్తుపట్టనీ."

ఎండ్రకాయల బుట్టలోంచి ముప్పై బంతులు.
గ్రీన్ మీద ఆమె వంటింటి తుడుపుగుడ్డ,
నీలం గళ్లది, నాలుగు మూలలా గులకరాళ్లు.
"గుంత వైపు చూడకు. గుడ్డ మీద దింపు.
మిగతాది నేల చూసుకుంటుంది."

మొదటి వారమంతా
ఆ గుడ్డ మీద వాన తప్ప ఏదీ పడలేదు.

నవంబరులో నాలుగింటికే చీకటి.
బూట్లలో నీళ్లు. వేళ్లు కొయ్యబారిపోయాయి.
కొయ్యబారాకే తెలిసింది
ఇన్నాళ్లూ అవి ఎంత వాగాయో.
మణికట్టు నోరు మూసుకుంటే
భుజాలు చెప్పేది బంతికి వినిపిస్తుంది.

ఏం లాభం, అన్నాడు తమ్ముడు కాలమ్,
అంత దూరం కొట్టగలిగినవాడివి
పెరట్లో కోడిపిల్లలా ఈ గెంతులేంటి?

అప్పుడు చెప్పలేకపోయాను.
ఇప్పుడైతే చెబుతాను:
దూరం రోజూ ఉండేది కాదురా.
గాలి మారినా, నడుం పట్టినా, రాత్రి నిద్ర చాలకపోయినా
చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది.
దగ్గరితనం అలా కాదు.
ఒకసారి చేతికి వచ్చిందా,
జ్వరంలో కూడా ఇంట్లోనే ఉంటుంది.

ఇంకోటి. నేను చేపల ఫారం పడవ నడుపుతాను.
ఏడు మైళ్ల నీళ్లు దాటడం ఎవరికైనా వచ్చు.
చివరి రెండు గజాలే పని.
ఆ చలికాలంలో ఎప్పుడో ఒకరోజు
పడవని రేవు గోడకి ఆనించాను,
కప్పులో టీ కదల్లేదు.
కాలమ్ కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు.
ఏమీ అనలేదు.

ఆగస్టు పోటీ. చివరి గుంత.
నా మొదటి దెబ్బ, పాత గర్వమంతా కూడగట్టుకుని,
కుందేళ్ల బొరియల్లోకి.
రెండోది గొర్రెల నీళ్లతొట్టి వెనక్కి.
జనం ముఖాలు తిప్పుకున్నారు, మర్యాదకి.
నాకు మాత్రం గ్రీన్ మీద, ఎవరూ పరవని చోట,
నీలం గళ్లు కనిపించాయి.

బంతి అక్కడే దిగింది.
మిగతాది నేల చూసుకుంది.
గుంతకి జానెడు దూరంలో ఆగింది.

కప్పు పోస్టుమాన్ లాక్లన్‌ది, ఒక్క దెబ్బ తేడాతో.
చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను.

మురియల్ ఆట చూడనేలేదు.
అవతల సాధన గ్రీన్ దగ్గర వంగి బంతులు ఏరుతోంది.
కార్డు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టి
"బుట్టలో ఎన్నున్నాయో లెక్కపెట్టు" అంది.
ఇరవై తొమ్మిది.

ఆ ఒక్కదాని కోసం
తొమ్మిదిన్నర దాకా, మసక పూర్తిగా నలుపయ్యే దాకా
ఇద్దరం గడ్డిని కాళ్లతో తడుముతూ తిరిగాం,
ముప్పై అడుగుల లోపలే.